ఒకే బల్ల, రెండు లాప్‌టాప్‌లు, ఒక్క వైరు

సాయంత్రం ఆరున్నరకి మా ఇంట్లో షిఫ్టు మారుతుంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి అప్పటిదాకా ఆ బల్ల నాది. ఏడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా మా ఆయనది. నేను కాకినాడలో ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీకి టెస్టింగ్ పని చేస్తాను. ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతారు, రాత్రిపూట గేట్ పరీక్షకి చదువుకునే పిల్లలకి ఆన్‌లైన్ క్లాసు తీసుకుంటారు. ఇల్లు చిన్నది. పడకగదిలో కిటికీ పక్కన నాలుగున్నర అడుగుల బల్ల, దాని మీద రెండు మానిటర్లు. ఒకటి 27 అంగుళాల 4కే, రెండోది నా పాత 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ. ఇంకో బల్ల వేద్దామంటే బీరువా తలుపు తెరుచుకోదు.

కిందటి వేసవి దాకా ఆ అరగంటలో జరిగేది ఇది: మానిటర్ వైర్లు రెండు, లాన్ వైరు, కెమెరా, హెడ్‌ఫోను, వైర్‌లెస్ మౌసుకి యూఎస్‌బీలో గుచ్చే చిన్న డాంగిల్, ఛార్జరు, మొత్తం ఏడు పీకేదాన్ని. ఆయన లాప్‌టాప్‌కి ఉన్నవే రెండు పోర్టులు, రెండూ టైప్-సీ. దానికి ఒక అడాప్టరు, ఆ అడాప్టరుకి ఇంకో అడాప్టరు. ఒకరోజు ఏడయ్యేసరికి కెమెరా కనబడలేదు. ఆయన ఫోను టార్చి వేసుకుని బల్ల కింద దూరారు. స్పీకర్లోంచి పిల్లలు "సార్, వినబడట్లేదు సార్" అంటూనే ఉన్నారు. క్లాసు పావుగంట ఆలస్యమైంది. ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన ఏమీ అనలేదు గానీ, పావుగంట పోయినందుకు ఎంత నొచ్చుకున్నారో మొహంలో తెలిసింది. మర్నాడే డాక్ వెతకడం మొదలుపెట్టాను, అంటే వైర్లన్నీ దానికే గుచ్చి ఉంచి లాప్‌టాప్‌కి ఒక్క వైరే పెట్టుకునే డబ్బా.

డాకింగ్ స్టేషన్ అంటే నాకు కొత్తేం కాదు. హైదరాబాదులో, మాదాపూర్‌లో మొదటి ఉద్యోగం చేసినప్పుడు థింక్‌ప్యాడ్ ఇచ్చారు. దాని అడుగున పొడుగాటి కనెక్టర్ ఉండేది. పలకలాంటి డాక్ మీద సరిగ్గా ఆనించి నొక్కితే టక్కున కూర్చునేది, మానిటరూ కీబోర్డూ అన్నీ ఒక్కసారి వచ్చేసేవి. అప్పట్లో ఎంచుకోవడమన్న మాటే లేదు, ఆ మోడల్‌కి ఆ డాకే. ఇప్పుడు అన్ని కంపెనీలవీ టైప్-సీ ప్లగ్గులే కాబట్టి ఏ డాకైనా ఏ లాప్‌టాప్‌కైనా పడుతుందనుకున్నాను. పట్టడం పడుతుంది. ప్లగ్గు ఆకారం ఒకటే అయినా లోపల ఏం పారుతుందో పోర్టు పోర్టుకీ తేడా. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు 2,200 రూపాయలూ నెల రోజులూ పట్టాయి.

ఆ 2,200 పెట్టి ఆన్‌లైన్‌లో ఒక హబ్ తెప్పించాను. అరచేతిలో ఇమిడే అల్యూమినియం ముక్క. ఒక హెచ్‌డీఎంఐ, మూడు యూఎస్‌బీలు, లాన్, ఛార్జరు గుచ్చుకోవడానికి ఒక పోర్టు. డబ్బా మీద పెద్దక్షరాల్లో 4కే అని ఉంది. పెట్టగానే పెద్ద మానిటర్లో బొమ్మ వచ్చింది. బాగానే ఉందనుకున్నాను. రెండు రోజులు తిరిగేసరికి సాయంత్రానికి కళ్ళు లాగడం, కణతలు నొప్పి. నిద్ర చాలట్లేదేమో అనుకున్నాను. మూడోరోజు మా పాప నా ఒళ్ళో కూర్చుని మౌసు అటూఇటూ తిప్పుతూ, "అమ్మా, బాణం నా చెయ్యి వెనకాల వస్తోంది" అంది.

పాప అన్నాక నేనూ చూశాను. నిజమే, బాణం వెనకబడుతోంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే రిఫ్రెష్ రేటు 30 హెర్ట్జ్ అని ఉంది, అంటే తెర మీద బొమ్మ సెకనుకి 30 సార్లే మారుతోంది. మానిటరేమో 60ది. హబ్ డబ్బా మళ్ళీ తీసి చూస్తే, వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో అదే 30.

ఎందుకలా అయిందో అర్థం చేసుకోవడానికి నాకు మా నాన్న పొలం సాయపడింది. మాది కాలవ శివారు పొలం. ఎన్ని తూములు ఎత్తారు, ఎవరి వంతు ఎంత అన్న లెక్క చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. టైప్-సీ ప్లగ్గులో బొమ్మ పారడానికి తూములు నాలుగు. ఇలాంటి చిన్న హబ్‌లు రెండు తూముల్ని బొమ్మకీ, మిగతా రెంటినీ యూఎస్‌బీకీ పంచుతాయి. 4కే తెర మీద దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. వాటన్నిటినీ సెకనుకి 60 సార్లు మార్చాలంటే సెకనుకి సుమారు 12.5 గిగాబిట్లు పారాలి. డిస్‌ప్లేపోర్ట్ అనే బొమ్మ పంపే పద్ధతిలో పాత 1.2 రకమైతే ఒక్కో తూముకి 4.32 గిగాబిట్లే వస్తాయి. రెండూ కలిస్తే 8.64. చాలవు గనక సగం చేసి 30 సార్లే మారుస్తుంది. అదే 1.4 పద్ధతైతే తూముకి 6.48 చొప్పున 12.96 వస్తాయి, కట్ట అంచుదాకా నిండి సరిపోతుంది. అయితే లాప్‌టాపూ హబ్బూ రెండూ 1.4వి అయి ఉండాలి. హెచ్‌డీఎంఐకీ ఇలాంటి లెక్కే ఉంది. 1.4 రకమైతే 4కే దగ్గర 30లోనే ఆగిపోతుంది, 60 కావాలంటే 2.0 ఉండాలి. కొనేటప్పుడు 4కే అన్న ముక్క చూసి ఆగిపోకండి, దాని పక్కన 60 ఉందో లేదో వెతకండి. ఎంత చెప్పినా ఇది నాకు తక్కువే అనిపిస్తుంది, ఎందుకంటే నెల రోజులు తలనొప్పి మాత్రలు మింగాను.

ఆ హబ్‌తోనే ఇంకో తంటా వచ్చింది. నా ఛార్జరుని హబ్‌లో గుచ్చి, హబ్‌ని లాప్‌టాప్‌లో పెడితే, పని ఒత్తిడిగా ఉన్న మధ్యాహ్నాల్లో బ్యాటరీ తగ్గుతూ వచ్చేది. ఛార్జింగ్ గుర్తు వెలుగుతూనే ఉండేది, అంకె మాత్రం 80, 74, 69 అని దిగేది. ఇది కనిపెట్టింది మావయ్యగారు. ఆయన కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఏ కొత్త వస్తువొచ్చినా ముందు దాని అడాప్టరు తిరగేసి వెనక ఏం రాసుందో చదువుతారు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, నా ఛార్జరుని కిటికీ వెలుతురులో పెట్టి చదివారు. "ఇరవై వోల్టులు, మూడుంపావు ఆంపియర్లు. అరవై అయిదు వాట్లమ్మా. మరి ఈ డబ్బా ఏమైనా తింటుందా?" అని హబ్ పట్టుకుని చూశారు. వేడిగా కాలుతోంది. "తింటోంది. వేడి అంటే తిన్నట్టే" అన్నారు.

హబ్‌తో వచ్చిన కాగితంలో ఆయన మాటే రాసి ఉంది. లోపలికి వచ్చిన దాంట్లో హబ్ తన కోసం 15 వాట్లు అట్టిపెట్టుకుంటుంది. నా లాప్‌టాప్‌కి మిగిలేది 50. టెస్టింగ్ కోసం రెండు మూడు వర్చువల్ మెషీన్లు, అంటే లాప్‌టాప్‌లోనే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు, నడిపినప్పుడు అది 50తో సరిపెట్టుకోలేదు. అందుకని డాక్ చూసేటప్పుడు మొత్తం వాట్లు ఎన్ననికాదు, లాప్‌టాప్‌కి అందేవి ఎన్నో చూడాలని అప్పుడే కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

మావయ్యగారికి దాని మీద ఒక అనుమానం వచ్చింది. అబ్బాయి లాప్‌టాప్‌కి వచ్చిన ఛార్జరు 30 వాట్లదే కదా, 90 వాట్ల డాక్ పెడితే కాలిపోదా అని. కాలదు. ప్లగ్గు పెట్టగానే రెండూ ముందు మాట్లాడుకుంటాయి. డాక్ నా దగ్గర 5, 9, 15, 20 వోల్టులున్నాయి అంటుంది, లాప్‌టాప్ తనకి కావలసింది అడిగి తీసుకుంటుంది. ఇది చెబితే ఆయనకి భలే నచ్చింది. "మా ట్రాన్స్‌ఫార్మర్లకి ట్యాపులున్నట్టన్నమాట" అని, ఆ సాయంత్రం పక్కింటాయనకి కూడా వివరించారు.

ఇక అసలు చిక్కు రెండు మానిటర్ల దగ్గర వచ్చింది. నాకు రెండూ కావాలి. ఒకదాంట్లో టెస్ట్ కేసులు, రెండోదాంట్లో అప్లికేషను. ఇన్నేళ్ళ అలవాటు, ఒక్క తెరలో చెయ్యమంటే చెయ్యలేను. నా లాప్‌టాప్ విండోస్. విండోస్‌లో ఒకే టైప్-సీ వైరు మీద రెండు మానిటర్లకి వేర్వేరు బొమ్మలు పంపే పద్ధతి ఒకటుంది, ఎంఎస్‌టీ అంటారు. ఏడెనిమిది వేల రూపాయల డాకులు చాలామటుకు దాని మీదే నడుస్తాయి. మా ఆయనది ఆపిల్ వాళ్ళ మ్యాక్‌బుక్ ఎయిర్, 2020లో వచ్చిన ఎం1 చిప్పుది. మ్యాక్‌లో ఈ ఎంఎస్‌టీతో రెండో తెర విడిగా రాదు. రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ కనిపిస్తుంది. పైగా ఎం1 ఎయిర్ బయటి మానిటర్ ఒక్కదాన్నే నడుపుతుంది. డాక్ ఎంత ఖరీదైనదైనా ఆ ఒక్కటే, అది చిప్పులోనే ఉన్న హద్దు. ఎం2 ఎయిర్‌కీ అంతే. ఎం3 ఎయిర్ రెంటిని నడుపుతుంది గానీ లాప్‌టాప్ మూత మూసి ఉంచాలి. 2025లో వచ్చిన ఎం4 ఎయిర్‌కి ఆ ఇబ్బంది లేదు. ఈ వరస తెలియక చాలామంది డాక్ పాడైందనుకుని వాపసు పంపుతుంటారు.

దీనికి అడ్డదారి ఒకటుంది, డిస్‌ప్లేలింక్ డాకులు. ఇవి మానిటర్ బొమ్మని లాప్‌టాప్ ప్రాసెసరుతోనే కుదించి, మామూలు యూఎస్‌బీ సమాచారంలా పంపి, డాక్‌లో మళ్ళీ విప్పుతాయి. కాబట్టి ఎం1కి కూడా రెండు తెరలొస్తాయి. నేను ఇంచుమించు దాన్నే కొనబోయాను, కార్టులో కూడా వేశాను. రెండు కారణాలతో ఆగాను. దానికి లాప్‌టాప్‌లో డ్రైవరు అనే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. నాది ఆఫీసు లాప్‌టాప్, నా అంతట నేను దాంట్లో ఏమీ వెయ్యలేను. ఐటీ వాళ్ళకి టికెట్ పెట్టి, మేనేజరు ఒప్పుకుని, వాళ్ళు వేసి, మళ్ళీ విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఏమవుతుందో చూసుకోవాలి. రెండోది, మ్యాక్‌లో అది స్క్రీన్ రికార్డింగ్ అనుమతితో పనిచేస్తుంది. అందువల్ల కాపీరైట్ రక్షణ ఉన్న సినిమాలు ఆ తెరల మీద నల్లగా కనబడతాయి. ఆదివారం మా పాపా మావయ్యగారూ పెద్ద మానిటర్లో సినిమా చూస్తారు. అది పోగొట్టడం నాకిష్టం లేదు. మ్యాక్‌లో రెండు తెరలు తప్పనిసరిగా కావాల్సినవాళ్ళకి డిస్‌ప్లేలింక్ మంచి దారే. మా ఇంటికి కుదరలేదు.

ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను, క్లాసుకి మీకు నిజంగా ఎన్ని తెరలు కావాలి అని. పెన్ టాబ్లెట్ మీద రాసేది పెద్ద మానిటర్లో కనిపిస్తే చాలు, పిల్లల మొహాలు లాప్‌టాప్ తెర మీద ఉంటాయి అన్నారు. అంటే ఆయనకి ఒకటే. ఈ ప్రశ్న మొదటి రోజే అడిగుంటే నెల రోజుల వెతుకులాట వారంలో తేలేది.

అప్పుడు నా లాప్‌టాప్ పక్కకి తిప్పి చూశాను. టైప్-సీ పోర్టు పక్కన సన్నటి మెరుపు గుర్తు, దాని దగ్గర 4 అంకె. రెండేళ్ళ నుంచి రోజూ ఛార్జరు గుచ్చుతున్న పోర్టు అది, ఒక్కసారైనా పట్టి చూడలేదు. థండర్‌బోల్ట్ 4 అన్నమాట, టైప్-సీ ఆకారంలోనే ఉండే ఎక్కువ వేగం పోర్టు. మా ఆయన లాప్‌టాప్ పోర్టుల పక్కన ఏ గుర్తూ లేదు గానీ అవీ థండర్‌బోల్ట్‌వే, 3 రకం. రెంటికీ సెకనుకి 40 గిగాబిట్లు. 2020లో వచ్చిన 4లో వేగం పెరగలేదు. రెండు 4కే తెరలు నడపడం, ఛార్జింగ్, కేబుల్ నాణ్యత లాంటివి 3లో కంపెనీ ఇష్టాన్నిబట్టి ఉండేవి, 4లో తప్పనిసరి అయ్యాయి. థండర్‌బోల్ట్ డాకైతే నాకు రెండు మానిటర్లూ 60 హెర్ట్జ్‌లో వస్తాయి, ఆయనకి ఒకటి వస్తుంది, డ్రైవరు గొడవ లేదు. 2023లో ప్రకటించిన థండర్‌బోల్ట్ 5 దీనికి రెట్టింపు వేగం, మా రెండు లాప్‌టాపులకీ అది దండగ.

ధర 23 వేలు. ఆ అంకె చూసి రెండు వారాలు వాయిదా వేశాను. అంత డబ్బుతో పాపకి సైకిలొస్తుంది, ఇంకా చాలా వస్తాయి. చివరికి ఆయనే అన్నారు, "రోజూ ఇద్దరం వాడేది, మంచం కొన్నప్పుడు ఇంత ఆలోచించామా" అని. చీటీ డబ్బు చేతికొచ్చిన నెలలో తీసుకున్నాం. కొనేముందు నా బట్టల టేపుతో బల్ల కొలిచాను. ఇలాంటి డాకులతో వచ్చే వైరు ముప్పావు మీటరుకి కాస్త అటూఇటూ ఉంటుంది. డాక్ బల్ల మీదే ఉండాలి, కింద బిగిద్దామంటే అందదు. మానిటర్ల వెనక గోడవారగా నిలబెట్టే రకం చూసుకున్నాం. మా మానిటర్లు రెంటికీ డిస్‌ప్లేపోర్ట్ ఉంది గనక, అవే రెండున్న డాక్ తీసుకున్నాం, మధ్యలో అడాప్టర్లు అక్కర్లేకుండా.

మొదటిరోజు రాత్రి ఆయన లాప్‌టాప్ పెడితే చిన్న మానిటర్ వెలిగింది, పెద్దది నల్లగా ఉండిపోయింది. వెనక వైర్లు రెండూ అటుదిటు మార్చాం, సరిపోయింది. ఇంకో రెండు రోజులకి నా మౌసు నత్తలా, ఆగి ఆగి కదలడం మొదలుపెట్టింది. మళ్ళీ 30 హెర్ట్జేనని గుండె జారిపోయింది. కాదు. డాంగిల్‌ని డాక్ వెనక, హార్డ్ డిస్కు పోర్టు పక్కనే పెట్టాను. యూఎస్‌బీ 3 పోర్టులు, వైర్లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం రాసింది. వైర్‌లెస్ మౌసులు వాడేదీ ఆ 2.4లోనే. పాత యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటుంటే దానికి డాంగిల్ పెట్టి మానిటర్ స్టాండు దగ్గరికి లాగాను. అంతే, మౌసు మామూలైంది.

ఇంతకన్నా పెద్ద పాఠం మే నెలలో కరెంటు నేర్పింది. పాత పద్ధతిలో కరెంటు పోయినా లాప్‌టాప్‌కి దాని బ్యాటరీ ఉండేది. ఇప్పుడు లాన్, కెమెరా, మానిటర్లు అన్నీ డాక్ అడాప్టరు మీద ఆధారపడ్డాయి. ఇంట్లో ఇన్వర్టరుంది. కానీ కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ రెప్పపాటులో డాక్ ఆగి మళ్ళీ మొదలవుతోంది. తెరలు నల్లబడి, కాల్ తెగి, మళ్ళీ అన్నీ రావడానికి అర నిమిషం పడుతోంది. రోజుకి నాలుగుసార్లు పోయే రోజుల్లో ఏడుపొచ్చింది. మావయ్యగారు ఇన్వర్టరుని గోడ దగ్గర్నుంచి జరిపి, వెనక దుమ్ము తుడిచి, చిన్న స్విచ్ చూపించారు. ఒకవైపు యూపీఎస్ అని రాసుంది. కొన్నప్పటి నుంచీ అది రెండోవైపే ఉంది. ఫ్యాన్లకీ లైట్లకీ తేడా తెలియదు గనక ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని యూపీఎస్ వైపు నొక్కి, నన్ను లోపలికి పంపి మెయిన్ ఆఫ్ చేశారు. ఫ్యాను ఒక్క క్షణం మందగించింది, తెరలు రెండూ కదల్లేదు. "ఏమైంది?" అని హాల్లోంచి అరిచారు. "ఏమీ కాలేదు మావయ్యగారూ" అన్నాను. మళ్ళీ రెండుసార్లు ఆఫ్ చేసి చూసుకున్నారు. అలా పెడితే వోల్టేజీ కాస్త పడినా ఇన్వర్టరు బ్యాటరీకి మారిపోతుంది కాబట్టి బ్యాటరీ నీళ్ళు ఇదివరకటికన్నా తరచుగా చూడాలని చెప్పి, ఆ పని కూడా ఆయనే పెట్టుకున్నారు.

మా పిన్ని కొడుకు హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరాడు. నా సంగతంతా విని, "అక్కా, నేనూ అదే డాక్ కొంటా" అన్నాడు. వద్దన్నాను. వాడికి ఒకటే లాప్‌టాప్, ఒకటే మానిటర్. ఆ మానిటర్‌కి వెనక టైప్-సీ ఉంది, దాంట్లోంచే 65 వాట్లు ఛార్జింగొస్తుంది, పక్కన యూఎస్‌బీ పోర్టులు కూడా ఉన్నాయి. అలాంటి మానిటరే ఒక డాకు. కానీ వాడు ఫోనుతో వచ్చిన వైరు పెట్టి, ఛార్జింగవుతోంది గానీ బొమ్మ రావట్లేదని ఫోను చేశాడు. చాలా ఫోను వైర్లలో బొమ్మ పారే తూములు అసలు ఉండవు, కరెంటూ పాత యూఎస్‌బీ 2.0 మాత్రమే ఉంటాయి. మానిటర్ డబ్బాలో వచ్చిన వైరు వెతకమన్నాను. కవరు కూడా విప్పకుండా థర్మాకోల్ కింద ఉందట.

ఇప్పుడు ఆరున్నరకి నేను ఒక వైరు తీసి బల్ల మీద వదిలేస్తాను. అల్లం టీ పెట్టి వచ్చేసరికి ఆయన దాన్ని తన లాప్‌టాప్‌లో పెట్టుకుని, టాబ్లెట్ మీద రాస్తూ పెన్ను సరిచూసుకుంటుంటారు. లాన్ అందుకోవడానికి మ్యాక్ నాలుగైదు సెకన్లు తీసుకుంటుంది, అంతే. క్లాసు జరిగే గంటన్నరా చిన్న మానిటర్ నల్లగా ఉంటుంది. పాప దాని అంచుకి తన టైంటేబుల్ అతికించుకుంది. ఆయన ఎప్పుడైనా లాప్‌టాప్ మారిస్తే ఆ తెర కూడా వెలుగుతుంది, దాని వైరు డాక్ వెనక అలాగే ఉంచాను.